వెన్ను దెబ్బతిన్న చిన్నకుక్కకు శుశ్రూష

మన తిరుమణిలో సౌరవిద్యుత్ క్షేత్రము 2018లో పనిచేయ నారంభించినది. అప్పటినుండి మన దారులలో పెద్దబండ్ల రాకపోకలు హెచ్చినవి. వెనుకకాళ్లు ఈడ్చుకొనుచు వచ్చు కుక్కపిల్లను పిల్లలు ఇంటికి తెచ్చినపుడు పెద్దలు సాధారణముగా అనుమాట, "అది బ్రదుకదు, చెరువుకట్ట కావల వదలిరండు" అని. ఇది తొందరపాటుమాట. తొలిదినములు గడచిన పిదప అట్టి కుక్క ప్రాణము తీయునది తరచుగా విరిగిన ఎముక కాదు; నిలిచిపోయిన మూత్రము, ఒరసికొనిపోయిన పుండ్లు. ఈ రెండును ఇంటివారి చేతిలోని పనులే.

కుక్క మెడలో 7, ఛాతీభాగమున 13, నడుములో 7 వెన్నుపూస లుండును. వాని నడుమనున్న గొట్టములో వెన్నుపాము సాగును. పూస విరిగినను, పూసల మధ్యనుండు మెత్తని బిళ్ల జారినను వెన్నుపాము నలిగి కాళ్లకు ఆజ్ఞ లందవు. పొడుగు నడుము, పొట్టికాళ్లు గల డాక్స్‌హండ్ జాతికి ఏ బండియు తగులకయే బిళ్ల జారుట కలదు.

దెబ్బతగిలిన కుక్కను చంకలో ఎత్తుకొనరాదు. మనము భోజనమునకు కూర్చుండు పీట చిన్నకుక్కకు చాలును. నడుము వంగకుండ దానిని పీటమీదికి మెల్లగా జరిపి, భుజములవద్దను తుంటివద్దను తువ్వాలుతో వదులుగా కట్టవలెను. బాధలో పెంపుడుకుక్కయైనను కరచును. కరచినచో సబ్బునీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే వైద్యశాలకు పోయి పిచ్చికుక్కకాటు సూది వేయించుకొనవలెను. మనము మ్రింగు నొప్పిమాత్రలు కుక్క కీయరాదు. ఐబుప్రొఫేన్ దాని కడుపును, మూత్రపిండములను చెరచును.

పశువైద్యుడు కాలివ్రేలిని గట్టిగా నొక్కి చూచును. కాలు వెనుకకు లాగుకొన్నంత మాత్రమున సంతోషింపరాదు. మెదడుతో సంబంధము లేకయే కాలు అట్లు కదలగలదు. కుక్క తల త్రిప్పి చూచినచో, మూలిగినచో నొప్పి మెదడునకు చేరినదన్నమాట. అప్పుడు ఆశ అధికము. ఎక్స్‌రేలో ఎముక కనబడును గాని వెన్నుపాము కనబడదు. దానికి వేరు పరీక్షలు కావలెను. బెంగుళూరు హెబ్బాళలో 1958లో స్థాపింపబడిన పశువైద్య కళాశాల కలదు. మన సంచార పశువైద్యసేవను గూర్చి 1962 సంఖ్యకు టెలిఫోను చేసి విచారింపవచ్చును.

ఇక ఇంటిపని. వైద్యుడు చెప్పినన్ని వారములు, తరచుగా 4 మొదలు 6 వారములు, చిన్న పెట్టెలో కదలనీయక ఉంచవలెను. పిల్లలకు ఇది కష్టము. ఎత్తి ముద్దులాడవలెనని తోచును. మూత్రము విషయమున పెక్కుమంది మోసపోవుదురు. పక్క తడిసినది గదా, మూత్రము వచ్చుచున్నదని అనుకొందురు. నిండిన కుండనుండి పొరలు నీటివలె, మూత్రాశయము పగులునంతగా నిండి పొరలుచుండుటయు కలదు. పొట్టను రెండుచేతుల నడుమ మెత్తగా నొక్కి దినమునకు 3, 4 సార్లు మూత్రము తీయు పద్ధతిని వైద్యుని చేతిక్రింద నేర్చుకొనవలెను. చదివి నేర్చునది కాదు. మూత్రము దుర్వాసన కొట్టినను, ఎఱ్ఱబడినను మరల వైద్యుని చూడవలెను.

పక్కకు మెత్తని బొంత పరచి, తడిసినవెంటనే మార్చవలెను. కొన్ని గంటల కొకసారి ప్రక్క మార్చి, తుంటియెముకలవద్ద చర్మము కందినదేమో చూడవలెను. వైద్యుడు సెలవిచ్చిన పిదప కాళ్లను మడచి చాచుచు, పొట్టక్రింద తువ్వాలు వేసి పట్టుకొని నాలుగడుగులు నడిపింపవచ్చును. రాగిసంగటి పెట్టుడు గాని మితముగా పెట్టుడు. బరువు పెరిగిన నడుమునకే చేటు.

2016లో చెన్నపట్టణమువద్ద మేడపైనుండి విసరివేయబడిన కుక్కపిల్ల సంగతి పత్రికలలో మీరు చదివియుందురు. భద్ర అని పిలువబడిన ఆ కుక్క ఎముకలు విరిగియు బ్రదికినది. 1960నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము తొలి నేరమునకు జుల్మానా గరిష్ఠముగా 50 రూపాయలు మాత్రమే. ఇది చాల స్వల్పమని నా అభిప్రాయము. అయినను ఆకలిదప్పులకు పాలగునట్లు జంతువును వదలివేయుటయు ఆ చట్టమున నేరమే.

శుశ్రూష చేసినను నొప్పి అణగక, తిండి మాని, పుండ్లు మానక యున్నచో బాధలేని మరణము వైద్యునిచేతనే కలిగింపవచ్చును. అప్పుడు పిల్లలతో కుక్క పారిపోయినదని బొంకవలదు. వారు దాని కొఱకు వీథులు వెదకుదురు.