చలికాలమున గుమ్మడి చారు

నిజామాబాదు, బోధను ప్రాంతములలో మనము పండించునది పెక్కు; మన యింట నిలుపుకొనునది కొంచెము. పసుపు అంగడికి పోవును. వడ్లు కొనుగోలు కేంద్రమునకు పోవును. గట్టున పాకిన తీగకు కాసిన గుమ్మడికాయ సయితము సంతకే చేరుచున్నది. పుష్యమాసపు చలిలో పిల్లలు మాత్రము ఉత్త టీనీళ్లతో ఉదయము గడుపుట గ్రామములలో మేము చూచుచున్నాము. ఇది మారవలెను.

1931లో మంజీరపై నిజాంసాగరు పూర్తియైన పిమ్మట ఇచ్చట చెరకు విస్తరించినది. 1937లో బోధనున చక్కెర కర్మాగారము స్థాపింపబడినది. 2015 డిసెంబరులో అది మూతబడిన పిదప చెరకు తగ్గి వరి హెచ్చినది. పైరు మారినను, ఒక్క పైరునే నమ్మిన యిల్లు కూరగాయ కొని తినుట మారలేదు. గుమ్మడికి వేరుగా మడి అక్కరలేదు. తొలకరిలో పెంటకుప్ప చెంత నాలుగు గింజలు నాటిన, చలినాటికి ఇంటికి సరిపడు కాయలు చేతికందును.

గుమ్మడి అమెరికా ఖండమునుండి మనకు వచ్చిన మొక్క. ఆ ప్రాంతముననే హైతి యను దేశము కలదు. పూర్వము అచ్చటి ఫ్రెంచివారి చెరకుతోటలలో బానిసలు పనిచేసిరి. యజమానులకు గుమ్మడి సూపు వండి పెట్టిన తమ పూర్వులకు దానిని త్రాగు హక్కు లేకుండెనని ఆ దేశస్థులు చెప్పుకొందురు. 1804 జనవరి 1న వారు స్వతంత్రులైరి. నేటికిని ప్రతి జనవరి 1న ఇంటింట ఆ సూపునే వండుకొని త్రాగుదురు. 2021లో యునెస్కో దీనిని మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది. పండించినవాడు తన వాటా తాను తినుట చిన్న సంగతి కాదు.

నిలువచేయు విధము: తొక్క గోరు దిగనంత గట్టిపడిన పిమ్మట, తొడిమ నాలుగు వ్రేళ్ల పొడవు ఉంచి కాయను కోయవలెను. తొడిమ ఊడినదియు, దెబ్బ తగిలినదియు ముందుగా వాడుకొనవలెను. తక్కినవానిని గాలి తగులు అటుకపై గడ్డి పరచి, ఒకదానికొకటి తాకకుండ ఉంచిన రెండు మూడు నెలలు నిలుచును.

వండు విధము: ఐదారుగురికి చెక్కు తీసిన గుమ్మడి ముక్కలు కిలో, పెసరపప్పు పిడికెడు, ఉల్లిగడ్డలు రెండు, వెల్లుల్లి ఐదు రెబ్బలు, అంగుళము అల్లము కావలెను. ముందుగా పచ్చిముక్క నాలుకపై ఉంచి చూడుడు. చేదుగానున్న కాయ విషకరము; దానిని పారవేయవలెను. గిన్నెలో రెండు చెంచాల పల్లినూనె కాచి, జీలకర్ర, ఉల్లి, వెల్లుల్లి, అల్లము వేయించుడు. ముక్కలు, కడిగిన పప్పు, పావు చెంచా పసుపు వేసి కలియబెట్టి, లీటరు నీరు పోసి మూత పెట్టుడు. పసుపు హెచ్చిన చేదగును. మీ చేనిలో పండిన కొమ్ము దంచుకొన్న కల్తీ భయముండదు. ముక్క గరిటెకు నలుగునంత ఉడికిన పిమ్మట పప్పుగుత్తితో మెదిపి, ఉప్పు, అర చెంచా మిరియాలపొడి చేర్చి మరియొక పొంగు రానిండు. దించి నెయ్యి వేసి, నిమ్మరసము పిండుడు. జొన్నరొట్టె తుంచి ఇందులో నానవేసిన ముసలివారికిని, పసివారికిని తినుట సులువు.

నెయ్యి రుచికి మాత్రమే కాదు. గుమ్మడికి పసుపువన్నె నిచ్చు పదార్థమును మన శరీరము ఏ విటమినుగా మార్చుకొనును. ఇది లోపించిన రేచీకటి కలుగును. ఆ పదార్థము ఒంటబట్టుటకు కొంచెము కొవ్వు అవసరము. గింజలను కడిగి ఎండబెట్టి వేయించి పిల్లలకు పెట్టుడు.

పెద్దకాయ కోసిన మిగిలినది కుళ్లునని పలువురు కోయుటకే జంకుదురు. దీనికి సహకారమే ఉపాయము. ఐదిండ్లవారు ఒక జట్టుగా నేర్పడి, వారమునకొక యింటి కాయ కోసి పంచుకొనవలెను. ఐదు కాయలతో ఐదు వారములు ఐదిండ్లకును చారు లభించును; ఒక్క ముక్కయు వ్యర్థము కాదు. ఈ యేడు కాయలు సంతబండి యెక్కకముందే ఇంటివాటా అటుకెక్కించుడు.