విడిదింట్లో వెలుతురు

పెళ్ళివారు దిగే విడిదికి సున్నాలు వేయించి, దీపాలు పెట్టించి, ఇంటివాళ్ళ నోటికి మాత్రం తాళం వేసే యజమానులు కొందరుంటారు. అంతర్జాతీయ సభలను పిలిచే దేశాలలోనూ అటువంటివి లేకపోలేదు.

2005 నవంబరులో ట్యునీసియా రాజధాని ట్యునిస్‌లో ఐక్యరాజ్యసమితి ఒక మహాసభ జరిపింది. చర్చనీయాంశం ఏమిటనుకున్నారు? ఇంటర్నెట్టూ, సమాచారమూ లోకంలో అందరికీ అందడం ఎట్లాగని! ఆ దేశాన్ని అప్పుడు ఏలుతున్న బెన్ అలీ ప్రభుత్వానికి నచ్చని వెబ్‌సైట్లు అక్కడ తెరుచుకునేవి కావు. తెరవబోతే, అసలు అటువంటి పుటే లేదన్నట్టు ‘404’ అంకె కనిపించేది. ఇంటర్నెట్‌లో ప్రభుత్వాన్ని విమర్శిస్తూ వ్యాసం రాసిన న్యాయవాది మహమ్మద్ అబ్బూ సభనాటికి జైల్లో ఉన్నారు.

ప్రారంభోత్సవంలో స్విట్జర్లాండ్ అధ్యక్షుడు సామ్యూల్ ష్మిడ్ లేచి, ప్రభుత్వాన్ని విమర్శించిన పౌరులను జైలుకు పంపే దేశాలు సమితిలో ఇంకా ఉండడం సహించరానిదని మొహం మీదే అనేశారు. ట్యునీసియా టెలివిజన్‌లో ఆ ప్రసంగ ప్రసారం అక్కడికక్కడే తెగిపోయింది. హాలులో ఉన్నవారు విన్నారు; ఊళ్ళోవాళ్ళకు ఆ భాగ్యం లేదు.

2010 నవంబరులో ఇంటర్నెట్ సాంకేతిక ప్రమాణాలు రూపొందించే ఇంజనీర్లు బీజింగ్‌లో కూడినప్పుడు మరో చిత్రం జరిగింది. సభకు వచ్చినవారికి వడకట్టని ఇంటర్నెట్టు; బయట వీధిలో చైనా పౌరుడికి వడకట్టినది. అతిథి పని సాగింది కనుక ఫిర్యాదు లేదనుకోవాలా?

వెళితేనే కదా లోపలి సంగతి లోకానికి తెలిసేది అనే వాదం ఒకటున్నది. అది కొట్టిపారేయదగినది కాదు. ష్మిడ్ వెళ్ళబట్టే ఆ మాట అనగలిగారు. కానీ వేదిక నిర్ణయించే పెద్దలు హాలులో ఇంటర్నెట్టు బాగుందా అని అడిగి ఊరుకోకూడదు. మనతో మాట్లాడిన స్థానికుల గతి, మనం విమానం ఎక్కాక ఏమిటని అడగాలి. సమాధానం కాగితం మీద తీసుకోవాలి. ట్యునిస్ అతిథులు ఇళ్ళకు చేరిన ఇరవై నెలలకు గాని, అంటే 2007 జులైకి గాని, అబ్బూ విడుదల కాలేదు.

ట్యునిస్ నిర్ణయంతోనే పుట్టిన ఇంటర్నెట్ పాలనా వేదిక 2008 డిసెంబరులో మన హైదరాబాదుకూ వచ్చింది. రేపు మళ్ళీ వస్తే ఆ ప్రశ్న మననూ అడగవచ్చు. 2019 ఆగస్టులో కాశ్మీరులో ఆగిన 4జీ ఇంటర్నెట్టు తిరిగి అంతటా వచ్చింది 2021 ఫిబ్రవరిలో.