కడలి ఆవలి అంగడి

క్రీ.శ. 1244లో కాకతీయ చక్రవర్తి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. నేడు బాపట్ల జిల్లాలో చిన్న గ్రామంగా మిగిలిన మోటుపల్లి ఆనాడు దేశదేశాల ఓడలతో కళకళలాడిన రేవు. అంతకుముందు తుఫానుకు చిక్కి తీరానికి కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరుకును రాజులు స్వాధీనం చేసుకొనేవారు. ప్రాణాలకు తెగించి కడలి దాటి వచ్చే వర్తకునికి ధనం ప్రాణం కంటె మిన్న అని గుర్తించి, నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ పుచ్చుకొనబోమని గణపతిదేవుడు అభయమిచ్చాడు. అందుచేతనే దానికి అభయశాసనమనే పేరు వచ్చింది. ముఖమెరుగని మనుషుల మధ్య వర్తకం సాగాలంటే ఎవరో ఒకరు పూచీ పడాలి. మోటుపల్లిలో ఆ పూచీని రాజు వహించాడు.

నేడు ప్రతి ఇల్లూ ఒక రేవే. చేతిలో సెల్‌ఫోను ఉన్నవాడు చైనాలోని దుకాణంలో గాని, అమెరికాలోని గిడ్డంగిలో గాని నిమిషాలలో బేరం చేయగలడు. అయితే ఈ రేవులో పూచీ పడే రాజు ఎవరు? ఈ ప్రశ్న వేసుకొనకుండా సొమ్ము పంపినవారే మోసపోతున్నారు.

ఖగోళశాస్త్రంపై మక్కువ గల ఒక విద్యార్థిని ఊహించుకొందాం. అతడు చాలాకాలంగా ఒక టెలిస్కోపు కొనాలని ఆశపడుతున్నాడు. పట్నంలో దాని వెల నలభై వేల రూపాయలు. ఒకనాడు ఏదో విదేశీ వెబ్‌సైటులో అదే టెలిస్కోపు పద్నాలుగు వేలకే కనిపించింది. మిరపపంట అమ్మిన సొమ్ములో నుంచి తండ్రి ఆ మొత్తం ఇవ్వడానికి ఒప్పుకొన్నాడు. అమ్మకందారు ఎంతో మర్యాదగా ఉత్తరాలు వ్రాస్తున్నాడు. చివరకు, “కార్డు ద్వారా చెల్లిస్తే నాకు రుసుము పడుతుంది. నేరుగా నా బ్యాంకు ఖాతాకు పంపితే మరో వెయ్యి రూపాయలు తగ్గిస్తాను” అన్నాడు. విద్యార్థికి ఇది లాభంగానే తోచింది. నిజానికి బేరంలోని ప్రమాదమంతా ఆ వెయ్యి రూపాయలలోనే దాగి ఉన్నది. ఎందుకో తెలియాలంటే కొంత వెనుకకు వెళ్ళాలి.

దూరవర్తకంలో అసలు చిక్కు ఒక్కటే. ముందు సొమ్ము చేతులు మారాలా, సరుకు చేతులు మారాలా? కొన్నవాడు ముందు చెల్లిస్తే సరుకు రాకపోవచ్చు, అమ్మినవాడు ముందు పంపితే సొమ్ము రాకపోవచ్చు. మన పెద్దలు పుస్తకాలను వి.పి.పి. ద్వారా తెప్పించుకొనేవారు. తపాలాబంట్రోతు చేతిలో సొమ్ము పెట్టిన తరువాతనే కట్ట చేతికందేది. అక్కడ తపాలాశాఖ మధ్యవర్తి. పెద్ద ఎగుమతి, దిగుమతి వ్యాపారాలలో బ్యాంకులు లెటర్ ఆఫ్ క్రెడిట్ రూపంలో ఈ పని చేస్తాయి. సరుకు ఓడకెక్కినట్లు బిల్ ఆఫ్ లేడింగ్ వంటి పత్రాలు సక్రమంగా చూపితేనే అమ్మకందారునికి బ్యాంకు సొమ్ము చెల్లిస్తుంది. ఇందులోనూ ఒక మెలిక ఉన్నది. అంతర్జాతీయ వాణిజ్య మండలి రూపొందించగా 2007 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం బ్యాంకు పరిశీలించేది పత్రాలనే గాని సరుకును కాదు. పత్రం సవ్యంగా ఉండి పెట్టెలో రాళ్ళున్నా బ్యాంకుకు సంబంధం లేదు. అందుకే అనుభవజ్ఞులైన దిగుమతిదారులు సరుకు ఓడకెక్కక ముందే స్వతంత్ర తనిఖీ సంస్థచేత పరీక్ష చేయిస్తారు.

చిన్న కొనుగోళ్ళకు ఇంత తతంగం కుదరదు. వాటికోసం వచ్చినదే ఎస్క్రో పద్ధతి. చైనాలో తావ్‌బావ్ అనే అంగడికి అనుబంధంగా 2004లో ఆరంభమైన అలీపే దీనికి చక్కని ఉదాహరణ. కొన్నవాడి సొమ్మును మధ్యవర్తి తనవద్ద నిలిపి ఉంచుతాడు, సరుకు సక్రమంగా అందిందని తెలిసిన తరువాతనే అమ్మినవాడికి విడుదల చేస్తాడు. పేరున్న అంతర్జాతీయ అంగళ్ళు చాలావరకు ఈ పద్ధతినో, సరుకు రాకపోతే సొమ్ము తిరిగి ఇచ్చే మరొక పద్ధతినో పాటిస్తున్నాయి. క్రెడిట్ కార్డుతో చెల్లించినప్పుడు కూడా సరుకు రానిచో నిర్ణీత గడువులోగా బ్యాంకుకు ఫిర్యాదు చేసి, ఆ చెల్లింపును వివాదాస్పదం చేసే అవకాశం కలదు.

మోసగాడు మొదట చేసే పని కొనుగోలుదారుని ఈ గొడుగు కిందినుంచి బయటకు లాగడమే. “అంగడిలో మాట్లాడుకోవద్దు, వాట్సాప్‌లోకి రండి” అంటాడు. “మా కార్డు యంత్రం పాడైనది” అంటాడు. మన విద్యార్థికి ఆశ చూపిన వెయ్యి రూపాయల తగ్గింపు కూడా ఇటువంటిదే. నేరుగా విదేశీ ఖాతాకు పంపిన సొమ్మును వెనుకకు రప్పించడం మిక్కిలి కష్టం. గిఫ్టుకార్డు సంఖ్యల రూపంలో గాని, క్రిప్టో కరెన్సీ రూపంలో గాని పంపిన సొమ్ము సంగతి చెప్పనే అక్కరలేదు. 2017లో వెస్టర్న్ యూనియన్ సంస్థ తన ద్వారా జరిగిన మోసపు బదిలీలను అరికట్టడంలో విఫలమై, వాటికి తోడ్పడినట్లు అమెరికా ప్రభుత్వం ఎదుట అంగీకరించి, 58 కోట్ల 60 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. ఆ సొమ్ము నుంచి బాధితులకు పరిహారం అందడం మొదలైనది 2020లో. అంతటి ప్రభుత్వం పూనుకొన్నా అన్ని సంవత్సరాలు పట్టిందన్నమాట.

వెబ్‌సైటు అందచందాలను చూసి మోసపోయేవారు కొందరు. చిరునామా పక్కన తాళం గుర్తు ఉంటే చాలు, దుకాణం నమ్మదగినదని అనుకొనేవారు మరికొందరు. ఆ తాళానికి అర్థం వేరు. మనకూ ఆ వెబ్‌సైటుకూ నడుమ సాగే సమాచారాన్ని మూడవవాడు చదవలేడని మాత్రమే అది చెప్పుతుంది. అవతల కూర్చున్నవాడు దొంగయైతే, మన కార్డు సంఖ్య ఎంతో భద్రంగా దొంగ చేతికే చేరుతుంది! ప్రజలు ఆ గుర్తును అపార్థం చేసుకొంటున్నారని గ్రహించి గూగుల్ సంస్థ 2023లో క్రోమ్ బ్రౌజరు నుంచి దానిని తొలగించి మరొక గుర్తు పెట్టింది. తాళం కంటె ముందు చూడవలసినవి వేరే ఉన్నాయి. చిరునామాలో చిన్న ఎల్ అక్షరానికి బదులు ఒకటి అంకె వేసి ప్రసిద్ధ సంస్థ పేరును అనుకరించారేమో చూడాలి. ఆ పేరు నమోదై ఎంతకాలమైనదో హూయిజ్ అనే సదుపాయం ద్వారా తెలిసికొనవచ్చు. ఇరవై ఏండ్లుగా వ్యాపారం చేస్తున్నామని చెప్పుకొనే దుకాణం పేరు మూడు వారాల క్రిందట నమోదైనట్లు తేలితే ఇక బేరమాడవలసిన పని లేదు. సరుకు ఛాయాచిత్రాన్ని గూగుల్‌లో వెదికితే అదే చిత్రం వేరొకరి దుకాణంలో కనిపించవచ్చు.

ఇటువంటి మోసాలు అమాయకులకే జరుగుతాయని భావించరాదు. 2013, 2015 మధ్యకాలంలో గూగుల్, ఫేస్‌బుక్ సంస్థలే ఈ వలలో పడినవి. ఆ రెండు సంస్థలకూ తైవాన్‌లోని క్వాంటా కంప్యూటర్ అనే సంస్థ యంత్రాలు సరఫరా చేసేది. లిథుయేనియా దేశస్థుడొకడు లాట్వియాలో అదే పేరుతో ఒక సంస్థను నమోదు చేయించి, ఆ పేరుతో బ్యాంకు ఖాతాలు తెరిచి, నకిలీ బిల్లులను ఈ-మెయిలులో పంపాడు. రెండు సంస్థలూ కలసి అతనికి పది కోట్ల డాలర్లకు పైగా చెల్లించాయి. 2019లో అతడు నేరం ఒప్పుకొనగా న్యాయస్థానం ఐదు సంవత్సరాల కారాగార శిక్ష విధించింది. పోయిన సొమ్ములో అధికభాగం రాబట్టుకొన్నామని ఆ సంస్థలు ప్రకటించాయి. ఆ శక్తి గుంటూరులోనో, వరంగల్లులోనో ఉన్న చిన్న దిగుమతిదారునికి ఎక్కడిది? అందుచేత, పాత అమ్మకందారు నుంచే అయినా “మా బ్యాంకు ఖాతా మారినది” అని ఉత్తరం వస్తే దానికి జవాబు వ్రాసి ఊరుకొనరాదు. ఇంతకుముందే మనవద్ద ఉన్న నంబరుకు ఫోను చేసి, మనిషితో మాట్లాడి నిర్ధారించుకోవాలి. ఆ ఉత్తరంలోనే ఇచ్చిన నంబరుకు ఫోను చేయడం దొంగనే సాక్ష్యమడగడం వంటిది.

సొమ్ము పంపిన తరువాత రెండవ అంకం మొదలవుతుంది. “మీ పార్సిలు విమానాశ్రయంలో ఆగిపోయినది. కస్టమ్స్ సుంకం పదిహేను వేలు వెంటనే కట్టండి” అని ఎవరో ఫోను చేస్తారు. విదేశీ మిత్రుడు కానుక పంపినట్లు నమ్మించి ఇదే మాట చెప్పేవారూ ఉన్నారు. వ్యక్తిగత ఖాతాకు సుంకం పంపమని కస్టమ్స్ అధికారులు ఎన్నడూ ఫోను చేయరు. 2019 నవంబరు నుంచి వారి ఉత్తరప్రత్యుత్తరాలకు డి.ఐ.ఎన్. అనే గుర్తింపు సంఖ్య ఉంటున్నది. అది నిజమైనదో కాదో కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు వెబ్‌సైటులో ఎవరైనా సరిచూసుకొనవచ్చు.

మరొక తంత్రం ఇంకా సూక్ష్మమైనది. అమ్మకందారు నిజంగానే ఒక ట్రాకింగ్ సంఖ్య ఇస్తాడు. ఆ పార్సిలు మన ఊరికే వస్తుంది, అందజేసినట్లు నమోదు కూడా అవుతుంది. కాని అది చేరినది వేరొక ఇంటికి, అందులో ఉన్నది చౌకబారు ఉంగరమో, ఖాళీ కవరో. దాని ఆధారంగా “సరుకు అందినది” అని అతడు వాదిస్తాడు. అటువంటప్పుడు అది ఏ చిరునామాకు చేరినదో, ఎంత బరువున్నదో తెలిపే పత్రాన్ని కొరియరు సంస్థ నుంచి పొందాలి. పదిహేను కిలోల టెలిస్కోపు యాభై గ్రాముల కవరులో పట్టదు గదా! మనకు వచ్చిన పార్సిలును విప్పునప్పుడు వీడియో తీసి ఉంచుకొంటే వివాదంలో అక్కరకు వస్తుంది.

మోసపోయినట్లు తెలిసిన క్షణమే 1930 నంబరుకు ఫోను చేయాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. సొమ్ము ఇంకా మన దేశంలోని ఖాతాలలోనే తిరుగుతూ ఉంటే దానిని నిలిపివేయించే వీలున్నది, గంటలు గడిచిన కొద్దీ ఆ వీలు సన్నగిల్లుతుంది. ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. మన ప్రమేయం లేకుండా ఖాతా నుంచి సొమ్ము పోతే, వెంటనే తెలియజేసిన ఖాతాదారునికి రిజర్వు బ్యాంకు 2017లో జారీ చేసిన ఉత్తర్వు రక్షణ కల్పించింది. మనమే స్వయంగా పంపిన సొమ్ముకు ఆ రక్షణ వర్తించదు. మన దేశంలోని వినియోగదారులకు క్రమంగా సరుకు అమ్మజూపే విదేశీ సంస్థలకు కూడా 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు వర్తిస్తాయి. అయితే చిరునామాయే లేని అమ్మకందారుపై ఏ నిబంధననైనా ప్రయోగించడం ఎట్లా?

సిగ్గుచేత చాలామంది విద్యార్థులు ఈ సంగతిని ఇంటిలో చెప్పరు. ఆ మౌనాన్ని ఆసరాగా చేసుకొని కొద్ది రోజులకు మరొకడు ఫోను చేస్తాడు. “మీ సొమ్ము వెనుకకు రప్పిస్తాం, ముందుగా మూడు వేలు రుసుము కట్టండి” అంటాడు. మనం ఎంత పోగొట్టుకొన్నామో, ఏ వెబ్‌సైటులో పోగొట్టుకొన్నామో అతనికి కచ్చితంగా తెలిసి ఉంటుంది. తరచుగా అతడు మొదటివాడే, లేదా వాని వద్ద మన పేరు కొనుక్కొన్నవాడు. 1930లో ఫిర్యాదు తీసికొనేవారు ఒక్క రూపాయి కూడా అడగరు.