నీళ్ల బాధ్యత పంచాయితీది, గని మాత్రం ఢిల్లీది

ఎర్రగుంట్ల మండలం కలమల్ల పేరు చదువుకున్నవాళ్లకు శాసనం వల్ల తెలుసు. సుమారు 575 ప్రాంతంలో రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన ఆ రాతిని తొలి తెలుగు శాసనమని పండితులు చెబుతారు. రైతుకు మాత్రం కలమల్ల అంటే థర్మల్ పొగగొట్టాలు, బూడిద. 1994లో మొదలైన రాయలసీమ థర్మల్ కేంద్రం 1650 మెగావాట్లకు పెరిగింది. చుట్టూ సున్నపురాయి తవ్వకాలు, సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి గనులు. ఇక్కడి భూమి కింద ఏముందో లెక్క తీసేవాళ్లకు ఏనాడూ కొదవ లేదు.

ఇక్కడినుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల దాటి వేముల మండలానికి పోతే, ఆ లెక్క ఎక్కడిదాకా వచ్చిందో కనబడుతుంది. తుమ్మలపల్లె యురేనియం గని అక్కడే ఉంది. 2006 సెప్టెంబరు 10న ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. 2007 నవంబరులో నాటి ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. 2012లో కర్మాగారం నడక మొదలైంది. నడిపేది కేంద్ర ప్రభుత్వ సంస్థ యురేనియం కార్పొరేషన్.

రోజుకు 3000 టన్నుల ఖనిజం నలగగొట్టడానికి కట్టిన కర్మాగారమిది. టన్ను రాతిలో ఉండే యురేనియం అరకిలో కూడా లేదు. అంటే తవ్వి తీసినదంతా దాదాపుగా బురదై బయటికి రావాల్సిందే. ఇక్కడి రాయి సున్నపు జాతిది కాబట్టి ఆమ్లంతో కాక సోడాతో కరిగిస్తారు. ఆ ఉప్పులూ, యురేనియంతో పుట్టిన రేడియం లాంటివీ బురదలోనే మిగులుతాయి. దాన్ని గొట్టాల గుండా కె.కె.కొట్టాల దగ్గరి టెయిలింగ్ పాండ్‌కు పంపుతారు. పేరుకు చెరువు. మన చెరువు నిండితే ఊరికి పండగ, ఇది నిండేకొద్దీ దిగులు.

కొట్టాల, కనంపల్లె, మబ్బుచింతలపల్లె వైపు రైతులది అరటి, చీనీ సేద్యం. అంతా బోరు నీళ్ల మీదే. బోర్లు చెడాయి, మడిలో తెల్లగా ఉప్పు పేరి నేల చౌడు పట్టింది, అరటి ఎదగడం లేదు, ఒంటిమీద దద్దుర్లు లేస్తున్నాయి అని వాళ్లు కొన్నేళ్లు మొత్తుకున్నారు. భూగర్భ జలాల్లోని యురేనియం ఆ రాతినేలలో సహజంగా ఉండేదేనని, పాండ్ నిబంధనల ప్రకారమే కట్టామని సంస్థ జవాబు. అయితే పాండ్ అడుగున నీరు ఇంకకుండా వేయాల్సిన పొర నిర్దేశించినట్టు వేయలేదని 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలే నోటీసు ఇచ్చింది. రైతు చెబితే నమ్మనివాళ్లు ఇదైనా నమ్మాలి కదా!

ఇంతలో పంచాయితీ పాత్ర ఏమిటి? 73వ రాజ్యాంగ సవరణ పదకొండో షెడ్యూలులో పంచాయితీలకు 29 అంశాలు చూపించింది. వ్యవసాయం ఉంది. చిన్ననీటి పారుదల ఉంది. తాగునీరు ఉంది, ఆరోగ్యం ఉంది. గని లేదు. బోరు చెడితే బిందె పట్టుకుని ఆడవాళ్లు నిలదీసేది సర్పంచునే, ట్యాంకరు తెప్పించాల్సిందీ ఆయనే. ఆ బోరు పక్కన ఏం తవ్వాల, ఏం పారబోయాల అనేదాంట్లో మాత్రం ఆయన సంతకానికి విలువ లేదు. యురేనియం కేంద్రానిది. ఒడిశాలోని నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట 12 గ్రామసభలు పెట్టారు. పన్నెండూ బాక్సైటు గని వద్దన్నాయి, అది ఆగింది. కానీ ఆ ఊళ్లు షెడ్యూల్డు ప్రాంతంలోవి. వేముల మండలానికి ఆ రక్షణ లేదు.

చట్టబలం లేని తీర్మానం దండగని కొందరంటారు. మేము ఒప్పుకోం. 2019లో అమ్రాబాద్ ప్రాంతపు పంచాయితీలు నల్లమలలో యురేనియం వద్దని తీర్మానాలు చేశాయి, జనం రోడ్డెక్కారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభే అదే మాట తీర్మానించాల్సి వచ్చింది. 2024 నవంబరులో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో బోర్లు వేసి యురేనియం వెతుకుతారని తెలిసి చుట్టుపక్కల ఊళ్లు రోడ్డుమీద కూర్చున్నాయి. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ రెండుచోట్లా గని ఇంకా తెరవలేదు. తుమ్మలపల్లెలో తెరిచి ఏళ్లయింది. తేడా అక్కడుంది.

ఊరికి మిగిలిన ఒకే ఒక చోటు ప్రజాభిప్రాయ సేకరణ. షామియానా కింద, పోలీసుల నడుమ అయినా సరే, మైకు ముందు రైతు చెప్పిన అభ్యంతరం రికార్డులోకి ఎక్కేది. 2025 సెప్టెంబరు 8న కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఉత్తర్వు జారీ చేసింది. అణు ఖనిజాల తవ్వకాలకూ, కీలక ఖనిజాల తవ్వకాలకూ ప్రజాభిప్రాయ సేకరణ ఇక అక్కరలేదు. లీజు ఎన్ని ఎకరాలదైనా అనుమతి పరిశీలన కేంద్రంలోనే. దేశ రక్షణ అవసరమట.

ఆ ఉత్తర్వు సంగతి పులివెందుల, జమ్మలమడుగు పంచాయితీల్లో ఎన్నింటికి చేరింది? గ్రామసభ పిలిచి దాన్ని తెలుగులో చదివి వినిపించడానికి సర్పంచులకు ఎవరి అనుమతీ అక్కరలేదు. టెయిలింగ్ పాండ్ చుట్టూ ఉన్న బోర్ల నీటి పరీక్షల ఫలితాలు కాలుష్య మండలి నుంచి తెప్పించి, పంచాయితీ ఆఫీసు గోడకు అంటించాలని తీర్మానం చేయడానికీ అక్కరలేదు. తాగునీరు వాళ్ల అంశమని రాజ్యాంగంలోనే రాసి ఉంది.