ఎలర్జీ మాత్ర: ఉపశమనమూ, జాగ్రత్తలూ

మదనపల్లె, పుంగనూరు ప్రాంతపు గాలి ఆరోగ్యప్రదమని చిరకాలంగా పేరున్నది. మదనపల్లె చెంత ఆరోగ్యవరంలో 1915లో క్షయరోగుల చికిత్సాలయం వెలసిన సంగతి మనకందరికీ తెలిసినదే. అయితే ఆ గాలిలోనే పుప్పొడి, దుమ్ము, బూజు రేణువులు కూడ తేలియాడుతుంటాయి. చౌడేపల్లె చుట్టుపట్ల నూర్పిడి దినాలలో కళ్ళాల వద్ద లేచే ధూళికి కొందరికి తెరపి లేని తుమ్ములు వస్తాయి. బాటల వెంట తెల్లని పూలతో విరివిగా పెరిగే వయ్యారిభామ మొక్క తగిలితే కొందరి చర్మం ఎర్రబడి దురద పెడుతుంది. అప్పుడు మనం చేసే పని ఒక్కటే: అంగడికి పోయి ఒక చిన్న మాత్ర కొని మ్రింగడం. ఆ మాత్ర ఏమి చేస్తుందో, ఏమి చేయలేదో తెలిసికొనడం ఈ వ్యాస ప్రయోజనం.

'ఎలర్జీ' అను పదాన్ని 1906లో ఆస్ట్రియా దేశపు వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే సృష్టించాడు. హానిలేని పదార్థాన్ని శరీరం శత్రువుగా భ్రమించి దానిపై యుద్ధం ప్రకటించడమే ఎలర్జీ. ఆ సమయంలో చర్మమందు, ముక్కు పొరలందు ఉండే కొన్ని కణాలు హిస్టమిన్ అను రసాయనాన్ని వెలువరిస్తాయి. అది రక్తనాళాలను వ్యాకోచింపజేసి, నరాలను ప్రేరేపిస్తుంది. దాని ఫలితమే తుమ్ములు, ముక్కు కారడం, కన్నుల దురద, దద్దుర్లు.

హిస్టమిన్ తన పని చేయాలంటే కణాల మీది గ్రాహకాలను చేరి తీరాలి. తాళంలో ముందుగానే వేరొక చెవిని దూర్చి ఉంచితే అసలు చెవి ప్రవేశించలేదు గదా! యాంటీహిస్టమిన్ మందు చేసేది కూడ ఇట్టిదే. ఈ మార్గాన్ని 1937లో పారిస్ నగరపు పాశ్చర్ సంస్థలో డేనియల్ బోవె, ఆన్ మేరీ స్టౌబ్ కనుగొన్నారు. బోవెకు 1957లో నోబెల్ బహుమానం లభించింది. హిస్టమిన్ విడుదలను ఈ మందు ఆపదు, ఎలర్జీని సమూలంగా నయం చేయదు. కేవలం బాధను అణచుతుంది. కావుననే దుమ్ములో పని తప్పదని ముందే తెలిసినవారు, వైద్యుని సలహాపై, పనికి ముందుగా వేసుకొంటే మేలు ఎక్కువ.

ఈ మందులు రెండు తరాలవి. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్ మొదటి తరానివి. ఇవి మెదడులోనికి సులభంగా ప్రవేశించి మత్తు కలిగిస్తాయి. పైగా క్లోర్‌ఫెనిరమిన్ శరీరంలో చాలసేపు నిలుస్తుంది. రాత్రి వేసుకొన్న మాత్ర మందకొడితనం మర్నాటి ఉదయం కూడ వీడకపోవచ్చు. రాత్రి మాత్ర మ్రింగి, తెల్లవారి చౌడేపల్లె నుండి పుంగనూరుకు మోటారు సైకిలుపై బయలుదేరే యువకుని ఊహించండి. తనకు నిద్ర రావడం లేదనే అతడు భావిస్తాడు. కాని బ్రేకు వేయవలసిన క్షణంలో చేయి ఆలస్యమవుతుంది. పరీక్షల దినాలలో ఈ మాత్ర వేసుకొనే విద్యార్థికి కూడ ఏకాగ్రత తగ్గుతుంది.

సెటిరిజిన్, లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ రెండవ తరానివి. వీటి వలన మత్తు తక్కువ. అయినా సెటిరిజిన్ కొందరికి నిద్ర తెప్పిస్తుంది. తనపై దాని ప్రభావం తెలియనిదే వాహనం నడపరాదు. పెద్దలకు సాధారణ మోతాదు రోజుకు ఒకసారి 10 మిల్లీగ్రాములు. మూత్రపిండాల వ్యాధి గలవారికి వైద్యుడు దీనిని తగ్గిస్తాడు. ఫెక్సోఫెనడిన్‌ను నారింజ, ఆపిల్ రసాలతో కాక మంచినీటితోనే తీసికొనాలి. పండ్ల రసం ఆ మందు రక్తంలో చేరడాన్ని తగ్గిస్తుంది.

మరికొన్ని హెచ్చరికలు. మద్యంతోగాని, నిద్రమాత్రలతోగాని ఈ మందులను కలుపరాదు. నీటికాసులు అను కంటి జబ్బు, మూత్రం ఆగే బాధ గల వృద్ధులకు మొదటి తరపు మందులు హాని చేయవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వైద్యుని అడిగి గాని వాడరాదు. జలుబు మందులలో తరచుగా ఇదే ఔషధం కలిసి ఉంటుంది. పట్టీపై పేరు చదువక రెండూ వేసుకొంటే మోతాదు రెట్టింపవుతుంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేండ్ల లోపు పిల్లలకు వాడరాదని 2023 డిసెంబరులో మన దేశపు ఔషధ నియంత్రణాధికారి ఆదేశించారు. నెలల తరబడి సెటిరిజిన్ వాడి హఠాత్తుగా మానినవారిలో కొందరికి తీవ్రమైన దురద రావచ్చునని 2025లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది. అట్టివారు వైద్యునితో సంప్రదించి మానడం మంచిది.

అన్నింటికన్నా ముఖ్యమైన విషయం వేరొకటి ఉన్నది. తేనెటీగ కుట్టిన పిమ్మటనో, వేరుశనగ వంటి పడని ఆహారం తిన్న పిమ్మటనో పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగి పడిపోయినా అది సామాన్యమైన ఎలర్జీ కాదు. అది నిమిషాలలో ప్రాణం తీయగల అనాఫిలాక్సిస్. దానికి మందు తొడకండరంలో ఇచ్చే ఎడ్రినలిన్ సూది. మాత్ర వేసి 'చూద్దాం' అని కూర్చొనడం ప్రాణాపాయం. తక్షణం 108కు ఫోను చేసి ఆసుపత్రికి తరలించాలి. పిల్లికూతల వంటి ఉబ్బసానికి కూడ ఈ మాత్ర చికిత్స కాదు.

మాత్ర కన్న ముందు నివారణ. నూర్పిడి వేళ ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకొనడం, వయ్యారిభామను పూతకు రాకముందే చేతికి తొడుగులు వేసుకొని పెరికివేయడం, పక్కబట్టలను వేడినీట ఉతకడం మన చేతిలోని పనులే. పెట్టెలో మాత్ర ఉండడం తప్పు కాదు. దాని పేరు, మోతాదు, హద్దు తెలియకుండా ఉండడమే తప్పు. చదువుకొన్న మనం ఇంటి పెద్దలకు ఆ పట్టీపై అక్షరాలు చదివి వినిపిస్తే, మన విద్య ఇంటికి ఉపయోగపడినట్లే.