స్టేషన్‌లో ఒప్పుకుంటే కోర్టులో చెల్లుతుందా?

2020 నవంబర్ 3న అప్పటి కర్నూలు జిల్లా పాణ్యం దగ్గర నంద్యాలకు చెందిన ఓ ఆటో డ్రైవర్, భార్య, ఇద్దరు పిల్లలు రైలు కింద పడి చనిపోయారు. కొన్ని రోజులకు వాళ్ల సెల్ఫీ వీడియో బయటికొచ్చింది. దొంగతనాలతో తమకు సంబంధం లేదని, పోలీసుల వేధింపులు తట్టుకోలేకపోతున్నామని అందులో చెప్పారు. ఈ ఆరోపణలపై ఓ సీఐ, ఓ హెడ్ కానిస్టేబుల్ అరెస్టయ్యారు. అనుమానితుణ్ణి ఎంతవరకు ప్రశ్నించవచ్చు? అతను చెప్పిన దానికి కోర్టులో విలువెంత? జవాబులు కొన్ని అంకెల్లో ఉన్నాయి.

1,959 ఫిర్యాదులు

కడప 1800లో, కర్నూలు 1839లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. ఆ ప్రెసిడెన్సీలో శిస్తు వసూలు చేసే తహశీల్దారుకే పోలీసు అధికారం కూడా ఉండేది. బకాయి కక్కించడానికి వాడే పద్ధతులే నేరం ఒప్పించడానికీ వాడేవారు. కర్రల మధ్య వేళ్లు పెట్టి బిగించే ‘కిట్టి’ అందులో ఒకటి. మెడను కాళ్లకు కట్టి, వంచి ఎండలో నిలబెట్టడం ఇంకొకటి. ఎలియట్, స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్ సభ్యులుగా వేసిన చిత్రహింసల విచారణ సంఘం 1855లో నివేదిక ఇచ్చింది. దాని ముందుకు 519 మంది స్వయంగా వచ్చారు, 1,440 ఉత్తరాలు అందాయి. మొత్తం 1,959 ఫిర్యాదులు.

1859లో మద్రాసుకు విడిగా పోలీసు చట్టం వచ్చింది. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలును సాక్ష్యంగా వాడొద్దన్న నిషేధం 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో చేరింది. 1872 సాక్ష్య చట్టంలో అదే 25వ సెక్షన్ అయింది. నేరస్థుల మీద జాలితో కాదు, తన సిబ్బంది మీద నమ్మకం లేకనే తెల్లదొర ఈ గీత గీశాడు.

విలువ: సున్నా

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో ఆ నిషేధం 23వ సెక్షన్‌గా కొనసాగుతోంది. ఎస్సై ముందైనా, ఎస్పీ ముందైనా ఒప్పుకోలుతో నిందితుడి నేరం రుజువు కాదు. బెదిరింపు, ఆశ, బలవంతం వల్ల వచ్చిన ఒప్పుకోలు ఎవరి ముందు చేసినా 22వ సెక్షన్ కింద చెల్లదు.

నిందితుణ్ణి ప్రెస్‌మీట్‌లో నిలబెట్టి కేసు ఛేదించామని ప్రకటించడానికి ఈ సున్నా అడ్డు కాదు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గరి ఓ హాస్టల్‌లో జరిగిన విద్యార్థిని హత్యలో 2008లో ఓ యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని తేల్చేసరికి అతని జీవితంలో 8 ఏళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి.

ఒకే ఒక్క సందు

సున్నా అయితే ఒప్పుకోలు కోసం అంత తాపత్రయం ఎందుకు? పాత చట్టంలో 27వ సెక్షన్‌గా ఉన్న మినహాయింపు ఇప్పుడు 23వ సెక్షన్‌లోనే కొనసాగుతోంది కాబట్టి. నిందితుడు చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువో విషయమో కొత్తగా బయటపడితే, దానికి నేరుగా సంబంధించినంత మేరకు ఆ మాట చెల్లుతుంది.

దీని హద్దులు తేల్చింది మన తెలుగు నేల కేసే. గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కొట్టయ్య కేసులో, చెరువు దగ్గర కాపుగాసి ఇద్దరిని చంపామని, ఆయుధాన్ని వామిలో దాచానని నిందితుడు పోలీసులకు చెప్పాడు. దాచానన్న మాట చెల్లుతుంది, చంపామన్న మాట చెల్లదు అని 1946లో తీర్పు వచ్చింది. ఫ్యాక్షన్ కేసుల్లో వేటకొడవలి రికవరీకి అంత ప్రాధాన్యం ఇందుకే. పొదలో దొరికిన కొడవలి, పంచనామా కింద మధ్యవర్తిగా వీఆర్వో సంతకం: కేసు తరచూ వీటి మీదే నిలబడుతుంది. ఆ మధ్యవర్తి కోర్టులో అడ్డం తిరిగితే కేసు వీగిపోయే ప్రమాదం ఉంది.

20(3): నోరు విప్పని హక్కు

నిందితుణ్ణి బలవంతంగా తనకు తానే వ్యతిరేక సాక్షిగా మార్చకూడదని రాజ్యాంగంలోని 20(3) అధికరణం చెబుతుంది. ఈ రక్షణ పోలీసు విచారణ దశ నుంచే మొదలవుతుందని 1978లో నందినీ శతపథి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సమ్మతి లేకుండా నార్కో పరీక్ష చేయరాదని 2010లో సెల్వి కేసులో తేల్చింది. అయితే వేలిముద్రలు, చేతిరాత నమూనాలు ఈ రక్షణలోకి రావని 1961లోనే 11 మంది జడ్జీల ధర్మాసనం తేల్చేసింది.

హక్కు ఎక్కడ ఆగుతుందో కడప కేసు చూపింది. 2019 మార్చి 15న పులివెందులలో జరిగిన వై.ఎస్. వివేకానందరెడ్డి హత్యలో కడప ఎంపీ అవినాష్‌రెడ్డిని సీబీఐ ప్రశ్నించింది. ఆరోపణలను ఆయన ఖండించారు. ప్రశ్నలు రాతపూర్వకంగా ఇవ్వాలని 2023 ఏప్రిల్ 18న తెలంగాణ హైకోర్టు ఆదేశించింది. ఏప్రిల్ 24న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మౌనంగా ఉండొచ్చు గానీ ప్రశ్నపత్రం ముందే చేతికివ్వమనే హక్కు లేదన్నమాట.

మేజిస్ట్రేట్ ముందు

అదే కేసులో నిందితుల్లో ఒకరు 2021 ఆగస్టులో ప్రొద్దుటూరు మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇచ్చి, తర్వాత అప్రూవర్‌గా మారారు. మేజిస్ట్రేట్ ముందు ఇచ్చిన ఒప్పుకోలు చెల్లుతుంది. ఎందుకంటే ‘నువ్వు చెప్పాల్సిన పని లేదు, చెబితే నీకు వ్యతిరేకంగా వాడొచ్చు’ అని మేజిస్ట్రేట్ ముందే హెచ్చరించాలి. మామూలుగా ఆలోచించుకోవడానికి కనీసం 24 గంటలు ఇవ్వాలని 1957లో సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పనని మనసు మార్చుకుంటే మళ్లీ పోలీసు కస్టడీకి పంపకూడదు. ఒప్పుకోలుకు బలం మాటలో కంటే, కాదనే స్వేచ్ఛ అతనికి ఉందా లేదా అన్నదాంట్లో ఉంది.

24, 48, 18, 1

అరెస్టు చేస్తే, ప్రయాణ సమయం పోను, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. డి.కె. బసు తీర్పు (1996) ప్రకారం కస్టడీలో ఉన్నంతకాలం 48 గంటలకోసారి వైద్య పరీక్ష చేయించాలి. విచారణ జరిగేటప్పుడు లాయర్‌ను కలిసే హక్కు ఉంది, అయితే మొత్తంసేపు పక్కన కూర్చోనివ్వరు. స్టేషన్లలో ఆడియోతో సహా సీసీ కెమెరాలు పెట్టి, రికార్డింగును 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది దాచాలని 2020 డిసెంబర్ 2న సుప్రీంకోర్టు ఆదేశించింది.

దెబ్బలు తిన్న కుటుంబాలు చాలావరకు కేసు తేలాక చూద్దాంలే అని ఆగిపోతాయి. కేసు తేలేసరికి ఆ ఫుటేజీ ఉండదు. ఘటన జరిగి ఏడాది దాటితే మానవ హక్కుల కమిషన్ కూడా విచారణ చేపట్టదు. అందుకే మొదటిసారి మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టినప్పుడే గాయాల సంగతి చెప్పాలి. ఫుటేజీ భద్రపరచమని ఆ వారంలోనే కోర్టులో పిటిషన్ వేయించాలి.