చేతులతో త్రొక్కు సైకిలు

హుజూరాబాదునుండి వరంగల్లు పోవు బాటపై సైకిళ్లెక్కి బడికి పోవు బాలబాలికలను మీరు చూచియుందురు. వారిలో నొకనికి ప్రమాదమున వెన్నుపాము దెబ్బతిని, చక్రముల కుర్చీయే గతియైనచో, సైకిలు ముచ్చట అంతటితో తీరినట్లేనా?

తీరనక్కరలేదు. ముందుగా అతడు క్రొత్త దినచర్య నేర్వవలెను. చచ్చుబడిన భాగమున స్పర్శ ఉండదు. కదలక కూర్చున్నచో అచ్చట పుండ్లు పడును. పడినను నొప్పి తెలియదు. అందుచే అరగంట గడువకముందే చేతులానించి శరీరమును పైకెత్తుకొనవలెను. మంచమునుండి కుర్చీలోనికి మారుటయు చేతుల బలముతోనే. ఆ బలమే సైకిలునకును ఆధారము.

చేతి సైకిలునకు మూడు చక్రములుండును. పెడళ్లు రొమ్మున కెదురుగా నుండును. వానిని చేతులతో త్రిప్పగా గొలుసు చక్రమును నడుపును.

ఇది నేటి యూహ కాదు. 1655లో జర్మనీలోని న్యూరెంబర్గు ప్రాంతమున, నడువలేని గడియారముల పనివాడు స్టెఫాన్ ఫార్‌ఫ్లర్ ఇట్టి బండిని తనకై తానే చేసికొనెను. 2004లో ఏథెన్సు పారాలింపిక్సునందు చేతి సైకిలు పందెములు చేరినవి. మన హైదరాబాదువాడైన ఆదిత్య మెహతా ఒక కాలు కోల్పోయిన పిదప సైకిలు సాధనచేసి, 2013లో ఆసియా పారా సైక్లింగు పోటీలలో రెండు రజత పతకములు గెలిచెను.

ఇంత దూరము పోగలవానిని జానెడు మెట్టు ఆపివేయును. మెట్టు ప్రక్క వాలుబాట కట్టుట దయ కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రకారము అది వారి హక్కు. మీ బడి గుమ్మమును నేడొకసారి పరికింపుడు.